చీర రంగు తెరపై తప్పకుండా: ఫొటో ఎడిటింగ్‌కు ముందు డిస్‌ప్లేను సరిచేసుకునే విధానం

గద్వాల పట్టు అంచు చీర అయినా, నారాయణపేట గళ్ల చీర అయినా, పుట్టపాకలో నేసే ఇక్కత్ గుడ్డ తేలియా రుమాలు అయినా, దుకాణం మెట్టు ఎక్కకుండా ఫోన్‌లో ఫొటో చూసి కొనేవారు ఇప్పుడు బాగా పెరిగారు. వారికి ముందుగా చేరేది చీర కాదు, చీర ఫొటో. ఆ ఫొటోలో రంగు తప్పితే, మగ్గం మీద వారాల తరబడి పడ్డ కష్టం తిరుగు పార్సిల్‌లో వెనక్కి వస్తుంది. నల్లగొండలో ఉండి నేతన్నల చీరల ఫొటోలను సరిదిద్దే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఈ పనిలో నాకు బలంగా తెలిసివచ్చింది ఒక్కటే: ఫొటో మీద చెయ్యి వేసే ముందు తెరను సరిచేసుకోవాలి.

ఈ సంగతి నష్టపోయాకే తెలిసింది. గద్వాల నుంచి వచ్చిన ఆవపువ్వు రంగు చీర ఫొటోను ఒకనాడు రాత్రి పదకొండు దాటాక సరిదిద్దాను. కంప్యూటర్‌లో రాత్రిపూట తెరను పసుపు వైపు తిప్పే నైట్ లైట్ దానంతట అదే ఆన్ అయి ఉన్న సంగతి గమనించలేదు. తెరంతా పసుపు తిరిగి కనిపించడంతో ఫొటోలోనే పసుపు ఎక్కువైందనుకొని నీలం పెంచాను. కొన్నావిడకు ఆ ఫొటోలో కనిపించింది వెలిసిపోయిన నిమ్మపండు రంగు, చేతికి అందింది నిండైన ఆవపువ్వు రంగు. ఆమె చీరను తిప్పి పంపారు, అందులో ఆమె తప్పేమీ లేదు. ఆ చీరను నేనే తీసుకెళ్లి అప్పగించినప్పుడు నేతన్న మడత విప్పి, వాకిట్లో ఎండకు పట్టుకొని, “రంగు మంచిగనే ఉన్నది గద సారూ” అన్నారు. నిజమే, రంగు మంచిగానే ఉంది. తేడా అంతా నా తెరలో ఉంది.

తెర ఎందుకు తప్పు చూపిస్తుంది

ఫొటో ఫైల్‌లో రంగులు ఉండవు, అంకెలు ఉంటాయి. మామూలు జేపెగ్ ఫైల్‌లో ప్రతి పిక్సెల్‌కు, అంటే ప్రతి చుక్కకు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలు, ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉంటాయి. ఆ అంకెలను ఏ రంగుగా చూపాలో నిర్ణయించేది తెర. ఒకే అంకెలకు ఒక మానిటర్ రాణీ రంగు చూపిస్తే, పక్క మానిటర్ మెరూన్‌కు దగ్గరగా చూపించవచ్చు. ఈ తేడాను కట్టడి చేయడానికే 1993లో ఐసీసీ అనే అంతర్జాతీయ రంగుల సంఘం ఏర్పడింది. అది రూపొందించిన పద్ధతిలో ప్రతి తెరకు, ప్రతి ఫైల్‌కు ప్రొఫైల్ అనే చిన్న వివరపత్రం ఉంటుంది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అనే ఉమ్మడి కొలమానాన్ని ప్రతిపాదించగా, 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో చూసే ఫొటోలకు నేటికీ అదే ఆధారం.

మొదటి మెట్టు: గది

తెర కంటే ముందు గదిని చూడండి. కిటికీ ఎదురుగా తెర ఉంటే ఎండ నేరుగా పడి నలుపు బూడిద రంగులా కనిపిస్తుంది, దాంతో మనం తెలియకుండానే ఫొటోను మరింత ముదురు చేస్తాం. వేసవిలో మన ఎండ ఎంత తీక్షణంగా ఉంటుందో చెప్పనక్కరలేదు. కిటికీ మీకు ఒక పక్కకు వచ్చేలా బల్లను జరిపి, దానికి తెల్లని లేదా బూడిద రంగు పరదా కట్టండి. ఎర్ర పరదా కడితే గది వెలుతురే ఎర్రబడుతుంది. తెర వెనుక గోడకు ముదురు ఆకుపచ్చ సున్నం వేసి ఉంటే కన్ను ఆ పచ్చదనానికి అలవాటుపడి, ఫొటోలో ఎరుపును ఉన్నదానికంటే ఎక్కువగా చూస్తుంది. గోడకు మళ్లీ రంగు వేయించలేనివారు తెర వెనుక వెడల్పాటి బూడిద రంగు గుడ్డ కట్టినా సరిపోతుంది. పసుపు బల్బు ఆర్పేసి, పగటి వెలుగుకు దగ్గరగా ఉండే తెల్ల ట్యూబ్‌లైటు ఒక్కటే ఉంచండి.

రెండో మెట్టు: మానిటర్

మానిటర్ ఆన్ చేశాక ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా ఆగండి. వెలుగు నిలకడకు రావడానికి ఆ సమయం పడుతుంది. తర్వాత మానిటర్ బటన్లతో దాని మెనూ తెరిచి, ఫ్యాక్టరీ రీసెట్ ఇవ్వండి. మోడ్‌లలో ఎస్‌ఆర్‌జీబీ ఉంటే దాన్ని, లేకపోతే స్టాండర్డ్‌ను ఎంచుకోండి. వివిడ్, సినిమా, గేమ్ అనే మోడ్‌లు చూడటానికి ఇంపుగా ఉంటాయి కానీ, మన పనికి అవి చేటు. రంగు ఉష్ణోగ్రత అడిగితే 6500 కెల్విన్ పెట్టండి, ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణంలోని తెలుపు అదే.

ఇక కంప్యూటర్‌లో దానంతట అది తెరను మార్చే ప్రతిదాన్నీ ఆపాలి. నైట్ లైట్, ఆటో బ్రైట్‌నెస్, వెలుగు నీడల తేడాను పెంచి చూపే హెచ్‌డీఆర్ మోడ్, గ్రాఫిక్స్ డ్రైవర్‌లో రంగులను మెరుగుపరుస్తామని చెప్పే స్విచ్‌లు అన్నీ ఇందులోకే వస్తాయి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే పని చేయండి, ఎందుకంటే బ్యాటరీ మీద ఉన్నప్పుడు కరెంటు ఆదా కోసం చాలా ల్యాప్‌టాప్‌లు వెలుగును, కాంట్రాస్ట్‌ను తమంతట తామే తగ్గిస్తాయి. చవక ల్యాప్‌టాప్‌లలో ఉండే టీఎన్ రకం తెర కొంచెం పైకి, కిందికి వంచినా రంగు మారిపోతుంది కాబట్టి, అటువంటి తెరను కంటికి సరిగ్గా ఎదురుగా నిలిపి, వంపు ఎంత ఉందో గుర్తు పెట్టుకోండి. కొత్తగా కొనబోయేవారు మాత్రం పక్క నుంచి చూసినా రంగు అంతగా మారని ఐపీఎస్ రకం తెరనే తీసుకోవాలని నా గట్టి సలహా.

బ్రైట్‌నెస్ ఎంత ఉండాలన్నదానికి తెల్ల కాగితమే కొలబద్ద. ఏమీ రాయని ఒక ఫైల్‌ను తెరపై తెల్లగా తెరిచి, ఆ పక్కనే గది వెలుతురులో తెల్ల కాగితం పట్టుకోండి. తెర దీపంలా వెలుగుతూ కాగితం వెలవెలబోతుంటే బ్రైట్‌నెస్ తగ్గించాలి, తెర మురికి పట్టినట్టుంటే పెంచాలి. రెండూ కంటికి ఒకేలా ఉన్నచోట ఆపండి. ప్రింట్లు నల్లగా వస్తున్నాయని ల్యాబ్ మీద నింద వేసేవారిలో చాలామంది తెర బ్రైట్‌నెస్ నూటికి నూరు మీద ఉంటుంది. అంత వెలుగులో చక్కగా కనిపించేలా సరిదిద్దిన ఫొటో కాగితం మీదికి వచ్చేసరికి మసకబారక తప్పదు.

మూడో మెట్టు: పదహారు పట్టీల పరీక్ష

ఇందుకు ఉచితంగా దొరికే ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రామ్ గింప్ చాలు. 1600 పిక్సెళ్ల వెడల్పు, 400 పిక్సెళ్ల ఎత్తు ఉన్న కొత్త ఫైల్ తెరవండి. గ్రేడియంట్ పనిముట్టుతో ఎడమ కొన నుంచి కుడి కొన దాకా నలుపు నుంచి తెలుపుకు అడ్డంగా లాగండి. తర్వాత ‘కలర్స్’ మెనూలో ‘పోస్టరైజ్’ తెరిచి 16 అని ఇవ్వండి. తెరపై 0, 17, 34 అంటూ పదిహేడేసి పెరుగుతూ 255 దాకా వెళ్లే పదహారు నిలువు పట్టీలు వస్తాయి. ఈ ఫైల్‌ను దాచుకోండి, ప్రతి నెలా పనికొస్తుంది.

ఇప్పుడు ఎడమ చివరన మొదటి రెండు పట్టీలు వేర్వేరుగా కనిపిస్తున్నాయా అని చూడండి. కలిసిపోయి ఒకే నల్లని ముద్దగా ఉంటే చీకటి భాగాల వివరాలను మీ తెర మింగేస్తోందని అర్థం. ముదురు చీరల్లో నేత గీతలు ఉండేది సరిగ్గా ఆ భాగంలోనే. కుడి చివర రెండు కలిసిపోతే మానిటర్ కాంట్రాస్ట్ ఎక్కువైంది, దాన్ని తగ్గించండి. ఆ తర్వాత మధ్య పట్టీలను చూడండి. అవన్నీ బూడిద రంగులోనే ఉండాలి. ఒకటి గులాబీ వైపు, ఇంకొకటి పచ్చదనం వైపు తిరిగినట్టుంటే తెరలోని మూడు రంగుల పాళ్లు కుదరలేదన్నమాట.

పాళ్లు కుదర్చడానికి విండోస్ సెర్చ్‌లో ‘క్యాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్’ అని వెతకండి. అది గామా (నలుపుకు, తెలుపుకు మధ్య ఛాయల వెలుగు), బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, రంగుల సమతూకం వరుసగా అడుగుతూ తీసుకెళ్తుంది. ఇది కంటి అంచనాతో చేసే పని కాబట్టి దీనికి హద్దులున్నాయి. తెరకు ఆనించి కొలిచే కలరిమీటర్ అనే పరికరం ఉంటే, డిస్‌ప్లేక్యాల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మీ తెరకు సొంత ప్రొఫైల్ తయారవుతుంది. ఒక్కరికే పరికరం కొనడం భారమైతే, ఒకే ఊరి స్టూడియోలవారు నలుగురు కలిసి కొనుక్కొని వంతులవారీగా వాడుకోవచ్చు. నెలకు ఒకసారి కొలిస్తే చాలు.

నాలుగో మెట్టు: గింప్ లోపలి అమరికలు

‘ఎడిట్’ మెనూలోని ‘ప్రిఫరెన్సెస్’ తెరిచి ‘కలర్ మేనేజ్‌మెంట్’ భాగానికి వెళ్లండి. ‘ఇమేజ్ డిస్‌ప్లే మోడ్’ దగ్గర ‘కలర్ మేనేజ్డ్ డిస్‌ప్లే’ ఉండాలి. మానిటర్ ప్రొఫైల్ దగ్గర కలరిమీటర్‌తో చేసిన ప్రొఫైల్ ఉంటే దాన్ని ఎంచుకోవచ్చు, లేదా సిస్టమ్ ప్రొఫైల్‌ను వాడే ప్రయత్నం చేయమనే గడిలో టిక్ పెట్టవచ్చు. మానిటర్ కొన్నప్పుడు వచ్చిన డ్రైవర్ కొన్నిసార్లు తప్పు ప్రొఫైల్‌ను తగిలిస్తుంది. తెల్లని ఫైల్ గింప్‌లో మాత్రమే పసుపుగా కనిపించి మిగతా ప్రోగ్రామ్‌లలో తెల్లగా ఉంటే ముందుగా అనుమానించవలసింది దాన్నే. అలా జరిగితే తాత్కాలికంగా ఎస్‌ఆర్‌జీబీ పెట్టి పని నడపండి. అదే పేజీలో వేగానికా, రంగు కచ్చితత్వానికా అని అడిగే చోట కచ్చితత్వాన్నే ఎంచుకోండి.

ఫైల్ తెరిచేటప్పుడు దానిలోని ప్రొఫైల్‌ను ఏం చేయాలో గింప్ అడుగుతుంది. ఇక్కడ ‘అసైన్’, ‘కన్వర్ట్’ అనే రెండు మాటల తేడా తెలియక చాలా ఫొటోలు పాడవుతున్నాయి. ఆరు గజాల చీర అని రాసి ఉన్న చీటీ మీద గజాలు అన్న మాట కొట్టేసి మీటర్లు అని రాశామనుకోండి. అంకె మారలేదు, చీర మాత్రం లేనిపోని పొడవు పెరిగింది. అదే అసైన్. గజాలను లెక్కగట్టి సుమారు ఐదున్నర మీటర్లు అని రాస్తే అంకె మారింది, చీర పొడవు మారలేదు. అది కన్వర్ట్. కెమెరాలో ఎస్‌ఆర్‌జీబీ కంటే ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీ అని పెట్టి తీసిన ఫొటోను ఇంటర్నెట్ కోసం ఎస్‌ఆర్‌జీబీకి మార్చాలంటే ఎప్పుడూ కన్వర్ట్ చేయాలి. అసైన్ చేస్తే ఎర్రచీర ఒక్క దెబ్బకు వెలిసిపోతుంది. ఈ రెండు ఆజ్ఞలూ ‘ఇమేజ్’ మెనూలోని ‘కలర్ మేనేజ్‌మెంట్’లో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మౌస్ నొక్కే ముందు ఒకసారి చదవండి.

ఫొటో చుట్టూ కనిపించే ఖాళీ స్థలం రంగు కూడా కంటిని మోసం చేస్తుంది. నల్లని చుట్టుపక్కల మధ్య ఫొటో ఉన్నదానికంటే వెలుగుగా, తెల్లని చుట్టుపక్కల మధ్య మసకగా తోస్తుంది. గింప్‌లో ‘వ్యూ’ మెనూలోని ‘ప్యాడింగ్ కలర్’ ద్వారా మధ్యస్థమైన బూడిద రంగును ఎంచుకోండి. ఫొటోషాప్‌లో ఫొటో బయటి ఖాళీ చోట మౌస్ కుడి బటన్ నొక్కితే అదే అవకాశం వస్తుంది. కంప్యూటర్‌కు నల్లని థీమ్ ఇష్టమైతే ఉంచుకోండి, ఫొటో పక్కన మాత్రం బూడిదే ఉండాలి.

ఐదో మెట్టు: ఎంత దగ్గరగా చూడాలి

నారాయణపేట చీర ఒళ్లంతా సన్నని గళ్లు ఉంటాయి. ఆ ఫొటోను తెరకు సరిపోయేలా కుదించి 33 శాతమో, 67 శాతమో చేసి చూస్తే గళ్ల మీద అలలు అలలుగా లేని చారలు తేలతాయి. గళ్ల వరుసలు, తెర పిక్సెళ్ల వరుసలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు పుట్టే భ్రమ అది. ఈ చారలను చూసి ఫొటో పాడైందని బ్లర్ చేసినవారిని చూశాను, దాంతో అసలు గళ్లే మాసిపోయాయి. ముందు 100 శాతానికి రండి. గింప్‌లో 1 అంకె నొక్కితే చాలు, ఫొటోషాప్‌లో కంట్రోల్‌తో కలిపి 1 నొక్కాలి. అక్కడ చారలు లేకపోతే ఫొటో బాగానే ఉంది. అక్కడా ఉంటే అవి కెమెరాలోనే పడ్డాయి, కొంచెం దూరం జరిగి మళ్లీ తీయడమే మేలు.

పుట్టపాక, పోచంపల్లి ఇక్కత్ విషయంలో దీనికి భిన్నమైన జాగ్రత్త కావాలి. నూలును ముందే కట్టి రంగులు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి ఇక్కత్ బొమ్మల అంచులు కత్తిరించినట్టు ఉండవు, ఈకల్లా విచ్చుకొని ఉంటాయి. ఆ అందం చేతి పనికి గుర్తు. 50 శాతం వద్ద చూసి అంచులు మసకగా ఉన్నాయని షార్పెన్ పెంచితే, చేనేత ఇక్కత్ కాస్తా మిల్లులో అచ్చు వేసిన బట్టలా తయారవుతుంది. షార్పెన్ ఎప్పుడు వాడినా 100 శాతం వద్దే, దారం స్పష్టంగా కనిపించేదాకా మాత్రమే వాడండి.

అసలు కొలతలో ఎలా ఉంటుందో తెరపైనే చూడాలంటే మానిటర్ రిజల్యూషన్‌ను గింప్‌కు సరిగా చెప్పాలి. ప్రిఫరెన్సెస్‌లో ‘ఇంటర్‌ఫేస్’ కింద ‘డిస్‌ప్లే’కు వెళ్లి ‘క్యాలిబ్రేట్’ నొక్కితే తెరపై కొలబద్దలు కనిపిస్తాయి. స్కూలు స్కేలును తెరకు ఆనించి వాటి పొడవు కొలిచి ఆ అంకెలు ఇవ్వండి. తర్వాత ‘వ్యూ’ మెనూలో, ఫొటో పిక్సెల్‌కు ఒక తెర పిక్సెల్ చొప్పున చూపే ‘డాట్ ఫర్ డాట్’ తీసేస్తే, 100 శాతం వద్ద ఫొటో ప్రింట్‌లో వచ్చే కొలతలోనే కనిపిస్తుంది. కొంగు మీది ఒక్క బుటా ఎంత ఉంటుందో వేళ్లతో కొలిచి చూసుకోవచ్చు. రోజువారీ పనికి డాట్ ఫర్ డాట్‌ను మళ్లీ పెట్టుకోవడం మరవకండి.

ఆరో మెట్టు: తేలియాతో తుది పరీక్ష

ఇన్ని అమరికల తర్వాత నేను చేసే పరీక్ష ఒకటుంది. సంప్రదాయ తేలియా రుమాలులో ప్రధానంగా మూడే రంగులు: నలుపు, ముదురు ఎరుపు, తెలుపు. తెర ఎక్కడెక్కడ తప్పగలదో సరిగ్గా ఆ మూడూ పట్టిస్తాయి. పగటి వెలుతురులో, నీడ పట్టున, పక్కనే బూడిద రంగు కార్డు పెట్టి రుమాలును ఫొటో తీయండి. కార్డు బూడిద రంగులోనే కనిపించేలా వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల తూకం, సరిచేయండి. ఆ ఫొటోను తెరపై తెరిచి, గుడ్డను కిటికీ వెలుతురులో తెర పక్కనే పట్టుకోండి. గుడ్డలో నల్ల దారం, ముదురు ఎర్ర దారం కలిసే చోట గీత కంటికి తెలుస్తుంది, తెరపైనా తెలియాలి. తెలుపు కాగితం తెలుపు కాదు, నూలు తెలుపు. కొంచెం మీగడ ఛాయ ఉంటుంది, తెరపైనా ఆ ఛాయ మిగలాలి. ఎరుపు ఇటుక వైపు తిరిగితే తెరలో పసుపు మిగిలింది, రాణీ వైపు తిరిగితే నీలం ఎక్కువైంది.

ముదురు ఎరుపులు, రాణీ రంగుల్లో ఇంకో చిక్కు ఉంది. ఎర్ర అంకె 255ను తాకాక దారానికి దారానికి మధ్య తేడా అంకెల్లోనే చెరిగిపోతుంది, దాన్ని ఏ తెరా తిరిగి తేలేదు. ఏ అంకె వద్ద ఎన్ని పిక్సెళ్లున్నాయో గుట్టలా చూపే హిస్టోగ్రామ్ తెరిచి ఎరుపు ఛానెల్‌ను విడిగా చూడండి. కుడి గోడకు గుట్ట ఆనుకొని ఉంటే సాచురేషన్ (రంగు గాఢత) తగ్గించండి, లేదా ఫొటోను తక్కువ వెలుగుతో మళ్లీ తీయండి. మూడు ఛానెళ్లు కలిపిన హిస్టోగ్రామ్‌లో ఇది చాలాసార్లు పైకి తెలియదు.

ప్రింట్‌కు పంపేటప్పుడు

తెరపై వెలిగే రాణీ రంగు ఆఫ్‌సెట్ ప్రెస్‌లోని నాలుగు సిరాల్లో రాదు. దీన్ని ముందే తెరపై చూసుకునే పద్ధతి సాఫ్ట్ ప్రూఫ్. ప్రెస్ వారిని ఆ నాలుగు సిరాలకు చెందిన వారి సీఎమ్‌వైకే ప్రొఫైల్ అడిగి తీసుకోండి. గింప్ పాత 2.10లో దాన్ని ప్రిఫరెన్సెస్‌లోని కలర్ మేనేజ్‌మెంట్‌లో పెట్టవచ్చు, 2025 మార్చిలో వచ్చిన 3.0లో ‘ఇమేజ్’ మెనూలోని ‘కలర్ మేనేజ్‌మెంట్’లోనే ఎంచుకోవచ్చు. ఫొటోషాప్‌లో ‘వ్యూ’ మెనూలోని ‘ప్రూఫ్ సెటప్’లో ఎంచుకొని, కంట్రోల్‌తో వై నొక్కితే ప్రూఫ్ ఆన్, ఆఫ్ అవుతుంది. చీర రంగు చప్పబడటం తెరపై చూశాక కొనుగోలుదారుకు ముందే చెప్పడం మర్యాద. కరపత్రం అచ్చయ్యాక చెబితే తగవు వస్తుంది. పని అయ్యాక ప్రూఫ్‌ను ఆపేయండి, లేకపోతే తర్వాతి ఫొటో చప్పగా ఉందని అనవసరంగా రంగులు పెంచేస్తారు.

ఫైల్‌ను, సందేహాన్ని పంపే తీరు

పూర్తయిన ఫొటోను ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రొఫైల్‌ను ఫైల్‌లో దాచే గడిలో టిక్ పెట్టండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి. మెయిల్‌లో ఫైల్‌తో పాటు ప్రొఫైల్ పేరు, కావలసిన కొలత, చీర అసలు రంగు మాటల్లో రాయండి. “అంచు ముదురు మెరూన్, రాణీ కాదు” అన్న ఒక్క వాక్యం ప్రెస్‌లో కూర్చున్న మనిషికి ఎంతో ఉపకారం చేస్తుంది.

తెర సమస్య తేలక తెలిసినవారి సలహా అడగవలసి వస్తే, “రంగులు సరిగా రావడం లేదు” అని మాత్రమే రాయకండి. ప్రోగ్రామ్ పేరు, వెర్షన్, మానిటర్ మోడల్, ఏ ప్రొఫైల్ పెట్టారు, ఏ మెట్టు దాకా చేశారు, పదహారు పట్టీల్లో ఏవి కలిసిపోయాయి అన్నవి రాస్తే జవాబిచ్చేవారి సమయం మిగులుతుంది. స్క్రీన్‌షాట్ ఇక్కడ పెద్దగా సాయపడదు. అది మానిటర్ దాకా రాకముందే కంప్యూటర్ లోపల తయారవుతుంది కాబట్టి, మీ మానిటర్ లోపం అందులో కనిపించదు. విండోస్ నైట్ లైట్ పసుపు కూడా అందులో పడదు. పక్కన తెల్ల కాగితం పెట్టి, తెరను ఫోన్‌తో తీసిన ఫొటో పంపితే కొంత ఆధారం దొరుకుతుంది.

చివరిగా, కుదిరిన అంకెలన్నీ, అంటే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, మోడ్, ప్రొఫైల్ పేరు, కొలిచిన తేదీ, ఒక చీటీ మీద రాసి మానిటర్ అడుగున అంటించండి. ఇంట్లో పిల్లలు సినిమా చూడటానికి మోడ్ మార్చినా, కరెంటు పోయి వచ్చాక మానిటర్ తన పాత అమరికకు వెళ్లినా, ఆ చీటీ చూసి రెండు నిమిషాల్లో తిరిగి పెట్టుకోవచ్చు.